ఇంజిన్ టైమింగ్ తప్పిందా? ఇంట్లోనే కొలిచి, నిర్ధారించి, సరిచేసుకునే పద్ధతి

బండికి పికప్ తగ్గినా, మైలేజీ పడిపోయినా, సెల్ఫ్ కొడితే ఆలస్యంగా అందుకున్నా చాలామంది నోట వచ్చే మొదటి మాట "టైమింగ్ పోయుంటుంది" అని. నిజంగా టైమింగే కారణమైన సందర్భాలు తక్కువ. అయితే అదే కారణమైన రోజున మాత్రం తేలిగ్గా తీసుకుంటే వాల్వులు వంగి, హెడ్ విప్పేదాకా వెళ్తుంది. అందుకే ఇక్కడ చెప్పే వరుస మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ముందు కొలవాలి, ఆ తర్వాతే పానా పట్టాలి. ఏ బోల్టూ కదపకుండా చేయగల పరీక్షలు ముందు వస్తాయి. కవర్లు విప్పే పని చివర్లో వస్తుంది. చాలామందికి అక్కడిదాకా వెళ్ళాల్సిన అవసరమే రాదు.

తప్పింది ఏ టైమింగ్?

ఇంజిన్‌లో రెండు టైమింగులు ఉంటాయి. ఈ రెంటినీ కలిపేసుకుంటే రోజంతా వెతికినా దోషం దొరకదు.

మొదటిది వాల్వ్ టైమింగ్. క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే షాఫ్ట్) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్కను బెల్టో, చైనో, కొన్ని ఇంజిన్లలో నేరుగా గేర్లో కాపాడుతుంటాయి. ఇందులో తేడా వచ్చిందంటే ఏదో ఒక భాగం జారింది, సాగింది, లేదా అరిగింది అని అర్థం.

రెండోది ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పడే క్షణం. పిస్టన్ పైకొసకు, అంటే టాప్ డెడ్ సెంటర్‌కు చేరకముందే ఈ రవ్వ పడాలి. మండటానికి కొంత సమయం పడుతుంది కదా. అది సుమారు 2 మిల్లీసెకన్లు అనుకుంటే, 800 ఆర్‌పీఎం దగ్గర ఆ వ్యవధిలో క్రాంక్ దాదాపు 10 డిగ్రీలు తిరుగుతుంది. 3000 దగ్గర 36 డిగ్రీలు తిరుగుతుంది. పేలుడు ఒత్తిడి పిస్టన్ పైకొస దాటి కాస్త కిందికి దిగుతున్నప్పుడు గరిష్ఠానికి చేరితేనే బలం పూర్తిగా దక్కుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ రవ్వ ఇంకా ముందుకు జరుగుతుంది. దీన్నే అడ్వాన్స్ అంటారు. పాత బండ్లలో ఈ పని డిస్ట్రిబ్యూటర్ లోపలి స్ప్రింగులు, బరువులు, వ్యాక్యూమ్ డయాఫ్రమ్ చేసేవి. ఇప్పటి బండ్లలో కంప్యూటర్ చేస్తుంది.

కాబట్టి ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ కూర్చునే ఈ కాలపు బండిలో ఇగ్నిషన్ టైమింగ్‌ను చేత్తో "సెట్" చేయడమంటూ లేదు. అక్కడ తిప్పడానికి ఏమీ ఉండదు. డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి అయితేనే ఆ పని ఉంటుంది. డీజిల్ బండ్లకు ప్లగ్ రవ్వ ఉండదు, వాటిలో ఇంధనం చిమ్మే క్షణమే టైమింగ్. కామన్ రైల్ డీజిల్లో అదీ కంప్యూటర్ చేతిలోదే. వాల్వ్ టైమింగ్ గురించి కింద చెప్పేది డీజిల్‌కూ వర్తిస్తుంది.

అన్నిటికంటే ముందు: సెల్ఫ్ కొట్టాలా, ఆపాలా?

నడుస్తున్న బండి ఒక్కసారిగా ఆగిపోయిందనుకుందాం. సెల్ఫ్ కొడితే ఇంజిన్ మామూలు కంటే వేగంగా, అడ్డూ ఆపూ లేనట్టు తిరుగుతోంది. మామూలుగా సెల్ఫ్ కొట్టినప్పుడు కంప్రెషన్ వల్ల "ర్ర్..ర్ర్..ర్ర్" అని లయ వినిపిస్తుంది. ఆ లయ పోయి ఒకే తీరుగా గిర్రున తిరుగుతుంటే బెల్ట్ తెగిందనో, చాలా పళ్ళు జారిందనో అనుమానించాలి. వెంటనే తాళం తీసేయండి. మళ్ళీ కొట్టకండి. తోసి స్టార్ట్ చేయాలనే ఆలోచన అసలే వద్దు.

కారణం ఇది. చాలా ఇంజిన్లలో తెరుచుకున్న వాల్వ్ దిగే చోటూ పిస్టన్ ఎక్కే చోటూ ఒకటే. ఒకటి తప్పుకున్నాకే రెండోది రావాలి. బెల్ట్ తెగితే క్యామ్ ఉన్నచోటే ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం వచ్చి తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. మీ ఇంజిన్ అలాంటిదో కాదో కచ్చితంగా తెలిసేదాకా అలాంటిదే అనుకోండి. ఇక్కడ చేయాల్సింది ఒక్కటే: ఏదీ తిప్పకుండా బెల్ట్ పై కవర్ తెరిచి కళ్ళతో చూడటం.

లక్షణాలు ఏం చెబుతాయి

ఒక్క లక్షణాన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం. కానీ ఏ దిక్కున వెతకాలో లక్షణాలే చెబుతాయి.

రవ్వ మరీ ముందుగా పడుతుంటే బరువు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్లో టకటకమని నాకింగ్ వినిపిస్తుంది. వేడెక్కిన ఇంజిన్‌కు సెల్ఫ్ కొడితే బ్యాటరీ నీరసించినట్టు ఆగి ఆగి తిరుగుతుంది. మరీ ఆలస్యంగా పడుతుంటే బండి మొద్దుబారుతుంది, ఇంజిన్ తొందరగా వేడెక్కుతుంది, మంట ఎగ్జాస్ట్‌లోకి పాకి సైలెన్సర్‌లో టప్‌టప్‌మని పేలుతుంది.

వాల్వ్ టైమింగ్ ఒక పన్ను తప్పితే ఐడ్లింగ్‌లో వణుకు వస్తుంది, కింది వేగాల్లో గానీ పై వేగాల్లో గానీ బలం పోతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గలగలమని మోగి ఆగిపోతే చైన్ టెన్షనర్‌లో (చైన్‌ను బిగువుగా ఉంచే భాగంలో) నూనె ఒత్తిడి నిలవడం లేదనో, చైన్ అరిగిందనో అనుకోవాలి. ఇలాంటి చప్పుడును సంవత్సరాల తరబడి భరిస్తూ తిరిగేవాళ్ళున్నారు. చైన్ ఏమీ అనకపోవచ్చు గానీ, ఒకరోజు పళ్ళు దాటుతుంది.

ఇంకోటి: వేడెక్కాక బండి ఆగిపోయి, అరగంట చల్లారాక మామూలుగా స్టార్ట్ అవుతుంటే బెల్ట్ జోలికి పోకండి. క్రాంక్ సెన్సర్ వేడికి పనిచేయడం మానేసినప్పుడు కనిపించే వరస అదే.

పనిముట్లు, జాగ్రత్తలు

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని దోషాల కోడ్‌లు చదివే పరికరం), మల్టీమీటర్, వ్యాక్యూమ్ గేజ్, కంప్రెషన్ గేజ్, క్రాంక్ పుల్లీ బోల్టుకు సరిపోయే సాకెట్, పొడవాటి హ్యాండిల్, టార్చి, గుర్తులకు తెల్ల పెయింట్ పెన్, టార్క్ రెంచ్ సిద్ధం చేసుకోండి. డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి అయితే టైమింగ్ లైట్ కూడా కావాలి. వీటన్నిటికన్నా ముఖ్యం మీ ఇంజిన్ రకానికి సంబంధించిన సర్వీస్ మాన్యువల్. ఒకే మోడల్ బండిలో రెండు మూడు రకాల ఇంజిన్లు వస్తాయి, గుర్తులుండే చోట్లు వేరుగా ఉంటాయి. ఇంజిన్ కోడ్ చూసుకుని, దానికి చెందిన పేజీలే చదవండి.

బండి చదునైన చోట ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, గేర్‌ను న్యూట్రల్‌లో ఉంచండి. ఇంజిన్ నడిపే పరీక్షలు ఆరుబయటే చేయాలి, మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు. ఇగ్నిషన్ కాయిల్ వోల్టేజి పదుల వేలల్లో ఉంటుంది, నడుస్తున్నప్పుడు ప్లగ్ వైర్లు చేత్తో పీకకండి. టైమింగ్ లైట్ వాడేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఆ మినుకుమినుకు వెలుగులో గిర్రున తిరిగే పుల్లీ, ఫ్యాన్ రెక్కలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. నిలబడ్డాయనుకుని చేయి పెట్టారో, అంతే సంగతులు.

మొదటి అడుగు: స్కానర్ పెట్టి చదవడం

స్టీరింగ్ కింద డాష్‌బోర్డ్ అడుగున ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలించి, తాళం ఆన్ చేసి కోడ్‌లు చదవండి. చదివినవి రాసుకోకుండా చెరిపేయకండి. వాటితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే సమాచారం ఉంటుంది. దోషం పుట్టిన క్షణాన వేగం ఎంత, వేడి ఎంత, బరువు ఎంత అనేది అందులో ఉంటుంది, చెరిపితే అదీ పోతుంది.

పీ0016 నుంచి పీ0019 వరకు వచ్చే కోడ్‌లు క్రాంక్‌కూ క్యామ్‌కూ పొంతన కుదరడం లేదని చెబుతాయి. బెల్ట్ జారడం, చైన్ సాగడం వైపు చూపించే బలమైన ఆధారం ఇదే. పీ0011 వస్తే క్యామ్ మరీ ముందుకు జరిగి ఉంది, పీ0012 వస్తే మరీ వెనకబడి ఉంది. ఇవి తరచూ నూనెతో పనిచేసే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ వైపు, అంటే నడుస్తుండగానే క్యామ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే ఏర్పాటు వైపు చూపిస్తాయి. పీ0335 క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌ది, పీ0340 క్యామ్ సెన్సర్ సర్క్యూట్‌ది. పీ0300 అంటే ఏ సిలిండర్‌లో పడితే ఆ సిలిండర్‌లో మిస్సింగ్. పీ0301, పీ0302 లాంటివి ఏ సిలిండరో చెబుతాయి. ఒకే సిలిండర్ కోడ్ వస్తే టైమింగ్‌ను అనుమానించడం దండగ, టైమింగ్ తప్పితే అన్ని సిలిండర్లూ బాధపడతాయి. ప్లగ్, కాయిల్, ఇంజెక్టర్ చూడండి. వీ ఆకారపు ఇంజిన్లలో మాత్రం ఒక వరుస సిలిండర్లకే దెబ్బ తగలొచ్చు.

కోడ్ ఒక భాగం పేరు చెప్పినంత మాత్రాన ఆ భాగం పాడైందని కాదు. పీ0340 రాగానే కొత్త సెన్సర్ కొనేవాళ్ళు ఎక్కువ. వైరు తెగినా, కనెక్టర్‌లో నూనె చేరినా అదే కోడ్ వస్తుంది.

ఇక లైవ్ డేటా చూడండి. ఐడ్లింగ్‌లో ఇగ్నిషన్ అడ్వాన్స్ చాలా పెట్రోల్ ఇంజిన్లలో 5 నుంచి 15 డిగ్రీల మధ్య కాస్త అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఆక్సిలరేటర్ మెల్లగా తొక్కితే పెరగాలి. పెరగకుండా పడిపోతుంటే నాక్ సెన్సర్ ఏదో విని కంప్యూటర్ చేత వెనక్కి లాగిస్తోందన్నమాట. తక్కువ ఆక్టేన్ పెట్రోల్, లోపల పేరుకున్న మసి, వేడి ఎక్కువ కావడం ఇవన్నీ అందుకు కారణాలే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం 0 దగ్గరే ఉంటే క్రాంక్ సెన్సర్ సంకేతం రావడం లేదు.

రెండో అడుగు: టైమింగ్‌లా నటించే దోషాలను పక్కకు తీయడం

ఈ పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. ప్లగ్‌లు విప్పి గ్యాప్ కొలవండి. ఇన్‌టేక్ గొట్టాల్లో చీలికలుంటే ఐడ్లింగ్‌లో సన్నటి ఈల వినిపిస్తుంది. నాలుగు సిలిండర్ల వరుస ఇంజిన్లలో ఎక్కువ వాటికి 1-3-4-2 క్రమంలో రవ్వ పడుతుంది. ప్లగ్ వైర్లున్న బండిలో ఈమధ్య ఎవరైనా చేయి పెట్టి ఉంటే రెండు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి, అచ్చం టైమింగ్ తప్పినట్టే ప్రవర్తిస్తుంది. ఇంజిన్ ఆయిల్ మట్టం కూడా ఇప్పుడే చూసేయండి. దాని అవసరం ముందు ముందు వస్తుంది.

మూడో అడుగు: వ్యాక్యూమ్ గేజ్

ఇంజిన్ గాలిని లోపలికి పీల్చే బలాన్ని కొలిచేది, అందరూ మర్చిపోయిన పరికరం ఇది. నా ఉద్దేశంలో ఇంట్లో పని చేసుకునేవాళ్ళకు దీనికి మించిన సాయం లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, త్రాటిల్‌కు అవతల ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద ఉండే సన్నటి గొట్టం ఒకటి తీసి అక్కడ గేజ్ తగిలించండి.

సముద్రమట్టం దగ్గర ఆరోగ్యమైన ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది, ముల్లు నిలకడగా ఉంటుంది. ఎత్తు ప్రాంతాల్లో ప్రతి 1000 అడుగులకు దాదాపు ఒక అంగుళం తగ్గించుకుని చదవాలి.

ముల్లు నిలకడగానే ఉండి, ఉండాల్సిన దానికంటే రెండు మూడు అంగుళాలు మాత్రమే తక్కువ చూపిస్తే రవ్వ ఆలస్యంగా పడుతోందేమో చూడాలి. నిలకడగా ఉంటూనే 8 నుంచి 15 మధ్యకు పడిపోతే వాల్వ్ టైమింగ్ వెనకబడిందని గట్టి అనుమానం. ఇంకా కిందికి, 5 దగ్గరికి దిగిపోతే ముందు గాలి లీకు వెతకండి. ముల్లు ఒకే లయలో టక్కున పడి లేస్తుంటే ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే మొదట బాగానే ఉండి మెల్లమెల్లగా జారిపోతుంటే ఎగ్జాస్ట్‌లో అడ్డు ఉంది, చాలాసార్లు క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి ఉంటుంది. "పికప్ లేదు, టైమింగ్ చూడండి" అని వచ్చే బండ్లలో ఇదీ ఉంటుంది.

డీజిల్ ఇంజిన్లకూ, త్రాటిల్ బదులు వాల్వ్ లిఫ్ట్‌తోనే గాలిని అదుపు చేసే పెట్రోల్ ఇంజిన్లకూ ఈ అంకెలు వర్తించవు.

నాలుగో అడుగు: కంప్రెషన్

వేడి ఇంజిన్ మీద పెట్రోల్ పంపు ఫ్యూజ్ తీసి, కాయిల్ కనెక్టర్లు విప్పి, ప్లగ్‌లన్నీ తీసేయండి. గేజ్‌ను ఒక్కో రంధ్రంలో బిగించి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, ముల్లు అయిదారు ఎగుర్లు ఎగిరేదాకా సెల్ఫ్ కొట్టండి. ఆక్సిలరేటర్ తొక్కకపోతే గాలి లోపలికి రాక అంకెలన్నీ తక్కువ వస్తాయి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. బెల్ట్ తెగిందన్న అనుమానముంటే మాత్రం ఈ పరీక్ష చేయకూడదు.

చాలా పెట్రోల్ ఇంజిన్లలో 125 నుంచి 180 పీఎస్‌ఐ మధ్య వస్తుంది, మాన్యువల్ అంకే ప్రమాణం. విడి అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. తేడా 10 నుంచి 15 శాతం లోపు ఉండాలి. అన్ని సిలిండర్లూ ఒకే తీరుగా తక్కువ చూపిస్తే వాల్వ్ టైమింగ్ తప్పిందనే అనుమానం బలపడుతుంది. ఒక్కటే తక్కువైతే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వ్ గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ. సున్నా దగ్గర ఆగిపోయిందంటే వంగిన వాల్వ్ ఉండే అవకాశం ఎక్కువ.

అయిదో అడుగు: గుర్తులు కలుస్తున్నాయా?

ఇక్కడి నుంచి పానా పని మొదలవుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ప్లగ్‌లు బయటే ఉంచితే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది.

క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే తిప్పండి. ఎక్కువ ఇంజిన్లకు పుల్లీ వైపు నుంచి చూస్తే అది గడియారం ముల్లు తిరిగే దిశ. కొన్ని పాత హోండా ఇంజిన్లు దీనికి తిరుగుడు. వెనక్కి తిప్పకండి. టెన్షనర్ లేని వైపు బెల్ట్ వదులై పన్ను జారొచ్చు. వాలులో గేర్‌లో వదిలేసిన బండి వెనక్కి ఒరిగినప్పుడు టైమింగ్ దాటే ప్రమాదం ఉండేది కూడా ఇందుకే.

మొదటి సిలిండర్ ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి తిప్పుతుంటే ఒక చుట్టులో గాలి వేలిని తోస్తుంది, మరో చుట్టులో తోయదు. తోసే చుట్టే కంప్రెషన్. అప్పుడు రంధ్రంలో ప్లాస్టిక్ స్ట్రా నిలబెట్టి, అది పైకి లేవడం ఆగేదాకా మెల్లగా తిప్పండి. లోహపు చువ్వలు వద్దు, అడ్డం తిరిగి ఇరుక్కుంటాయి.

ఇప్పుడు పుల్లీ గుర్తు కవర్ మీది 0తో కలవాలి. పై కవర్ తీసి చూస్తే క్యామ్ పుల్లీ గుర్తు హెడ్ మీది గుర్తుతో కలవాలి. క్రాంక్ కలిసి క్యామ్ కలవకపోతే దోషం దొరికినట్టే. ఎంత తేడా ఉంటుందో లెక్క కట్టొచ్చు. క్యామ్ పుల్లీకి 40 పళ్ళుంటే ఒక పన్ను అంటే క్యామ్ మీద 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18. కాబట్టి ఒక పన్ను తప్పినా కంటికి స్పష్టంగా తెలుస్తుంది. వెంట్రుకవాసి తేడాను పన్ను జారిందనుకోవద్దు. అది చూసే కోణం వల్లో, చైన్ అరుగుదల వల్లో వచ్చినది.

ఒక చిక్కుంది. చాలా క్రాంక్ పుల్లీలు లోపలి చక్రం, బయటి చక్రం, మధ్యలో రబ్బరుతో తయారవుతాయి. రబ్బరు ముసలిదైతే బయటి చక్రం జారుతుంది, దాని మీదున్న గుర్తు అబద్ధం చెబుతుంది. గుర్తుకూ స్ట్రా చెప్పేదానికీ పొసగకపోతే పిస్టన్ స్టాప్‌తో తేల్చుకోండి. అది ప్లగ్ రంధ్రంలో బిగించే మొద్దు బోల్టు. పిస్టన్ దానికి మెత్తగా తగిలేదాకా చేత్తో తిప్పి పుల్లీ మీద గీత పెట్టండి. రెండో దిశలో తిప్పి తగిలిన చోట ఇంకో గీత పెట్టండి. రెండు గీతల నడిమధ్యే అసలైన టాప్ డెడ్ సెంటర్. వెనక్కి తిప్పాల్సి వచ్చే సందర్భం ఇదొక్కటే, అదీ నెమ్మదిగా, బెల్ట్ బిగువుగా ఉందని చూసుకున్నాక.

కవర్ తెరిచారు కాబట్టి బెల్ట్‌ను కూడా పరికించండి. పళ్ళ మొదట్లో పగుళ్ళు, అద్దంలా మెరిసే వీపు, పోగులు లేచిన అంచులు, నూనె తడి, కూలెంట్ మరకలు వీటిలో ఏది కనిపించినా మార్చాల్సిందే. గడువు చాలా బండ్లకు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య, లేదా కొన్నేళ్ళు, ఏది ముందైతే అది. తక్కువ తిరిగిన బండి యజమానులు సంవత్సరాల గడువును పట్టించుకోరు. రబ్బరుకు కిలోమీటర్లు తెలియవు.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి అయితే: టైమింగ్ లైట్

వాల్వ్ టైమింగ్ సరిగ్గా ఉందని తేలాకే ఇది. కాంటాక్ట్ పాయింట్లున్న బండిలో ముందు పాయింట్ల గ్యాప్ సరిచేయండి. గ్యాప్ పెరిగితే రవ్వ ముందుకు, తగ్గితే వెనక్కి జరుగుతుంది కాబట్టి ఈ వరుస మారితే చేసిన పని మళ్ళీ చేయాలి.

ఇంజిన్ వేడెక్కాక లైట్ క్లిప్పును మొదటి సిలిండర్ ప్లగ్ వైరుకు, మిగతా రెండు క్లిప్పులను బ్యాటరీకి తగిలించండి. పుల్లీ గుర్తుకు తెల్ల పెయింట్ పూయండి. వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి కొస మూసేయమని మాన్యువల్ చెబితే అలాగే చేయండి. ఐడ్లింగ్ ఆర్‌పీఎం మాన్యువల్ చెప్పినంతే ఉండాలి. ఎక్కువుంటే లోపలి బరువులు అప్పటికే విచ్చుకుని అంకె తప్పు వస్తుంది. కంప్యూటర్ కూడా ఉన్న డిస్ట్రిబ్యూటర్ బండ్లలో డయాగ్నస్టిక్ కనెక్టర్‌లో రెండు పిన్నులు కలిపి కంప్యూటర్ దిద్దుబాట్లను ఆపాలి. ఏ రెండో మాన్యువల్లో చూసే కలపండి. ఇది చేయకుండా సెట్ చేస్తే మీరొకవైపు, కంప్యూటర్ ఇంకోవైపు లాగుతుంటారు.

లైట్ కొట్టి గుర్తు ఎన్ని డిగ్రీల దగ్గర నిలిచిందో చూడండి. తేడా ఉంటే డిస్ట్రిబ్యూటర్ కింది బోల్టు చేత్తో తిప్పితే కాస్త బిగువుగా కదిలేంతే వదులు చేయండి. రోటర్ (డిస్ట్రిబ్యూటర్ లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్‌కు కరెంటు పంచే ముక్క) తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే అడ్వాన్స్ పెరుగుతుంది, అదే దిశలో తిప్పితే తగ్గుతుంది. మిల్లీమీటర్ జరిపి చూడండి, మళ్ళీ జరపండి. బోల్టు బిగించాక తప్పకుండా ఇంకోసారి లైట్ కొట్టాలి, బిగింపులో అది కదులుతుంది.

తర్వాత మెల్లగా 2500 దాకా రేజ్ చేయండి. గుర్తు సాఫీగా ముందుకు జరగాలి, వదిలితే అదే చోటికి తిరిగి రావాలి. జరగకపోతే బరువులు పట్టేశాయి. ఊగిసలాడుతుంటే షాఫ్ట్ బుష్ అరిగింది. వ్యాక్యూమ్ గొట్టం తిరిగి పెట్టడం మర్చిపోవద్దు.

డిస్ట్రిబ్యూటర్ పీకి పెట్టాక బండి అసలు స్టార్ట్ కాకుండా కార్బురేటర్‌లోకి పేలుతుంటే అది 180 డిగ్రీలు తిరగబడి కూర్చుంది. కంప్రెషన్ చుట్టుకు బదులు ఎగ్జాస్ట్ చుట్టు దగ్గర పెట్టేశారన్నమాట.

కొత్త బండి అయితే: సెన్సర్లు, నూనె

పీ0011, పీ0012 వచ్చినప్పుడు కొత్త భాగాలు కొనకముందే ఆయిల్ గేజ్ కర్ర తీయండి. క్యామ్‌ను ముందుకూ వెనక్కూ జరిపేది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడే. మట్టం తక్కువైనా, నల్లగా చిక్కబడినా, మాన్యువల్ చెప్పిన గ్రేడ్ కాకున్నా ఈ కోడ్‌లు వస్తాయి. ఆయిల్, ఫిల్టర్ మార్చడంతోనే కొన్ని బండ్లు దారికొస్తాయి. రాకపోతే ఆయిల్ కంట్రోల్ వాల్వ్ విప్పి జల్లెడ శుభ్రం చేయండి. దాని కాయిల్ నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చండి. 12 వోల్టులు ఒక్క క్షణం తగిలిస్తే లోపలి ముక్క టక్కున కదలాలి.

క్రాంక్, క్యామ్ సెన్సర్లు రెండు రకాలు. రెండు వైర్లది అయితే కాయిల్, నిరోధం కొలవొచ్చు. మూడు వైర్లది అయితే ఎక్కువగా హాల్ రకం (లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉండేది), దానికి నిరోధం కొలవడం అర్థం లేని పని. కనెక్టర్ దగ్గర సరఫరా వోల్టేజి, ఎర్త్ ఉన్నాయో చూడాలి. సెన్సర్ విప్పినప్పుడు కొసకు ఇనుప రజను అంటుకుని ఉంటే తుడిచేయండి. రజను మరీ ఎక్కువుంటే అది ఎక్కడ నుంచి వస్తోందో వెతకాలి.

సెన్సర్, వైరింగ్, నూనె అన్నీ బాగుండి పీ0016 మళ్ళీ మళ్ళీ వస్తుంటే మిగిలింది చైన్, టెన్షనర్, క్యామ్ ఫేజర్ (నూనె ఒత్తిడితో క్యామ్‌ను జరిపే పుల్లీ). చైన్ మార్చడానికి చాలా ఇంజిన్లలో ముందు కవర్, ఆయిల్ సంప్ విప్పాలి. అది ఆరుబయట చేసే పని కాదని నా అభిప్రాయం. నిర్ధారణ వరకు మీరు చేసి, అంకెలు రాసిన కాగితం గ్యారేజీకి ఇవ్వండి.

జారిన బెల్ట్‌ను సరిచేయడం

పాత బెల్ట్‌నే ఎత్తి పన్ను సర్ది వదిలేయకండి. అది ఎందుకు జారిందో తెలియాలి. టెన్షనర్ స్ప్రింగ్ చచ్చిందా, ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపే ఉత్త పుల్లీ) బేరింగ్ గరగరలాడుతోందా, బెల్ట్‌తో తిరిగే వాటర్ పంపు కారుతోందా చూడండి. బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్, అలాంటి వాటర్ పంపు అన్నీ ఒకేసారి మార్చడమే తెలివైన పని.

విప్పే ముందు ఫోటోలు తీయండి. మొదటి సిలిండర్‌ను మాన్యువల్ చెప్పిన స్థానానికి తెండి. కొన్ని ఇంజిన్లలో అది టాప్ డెడ్ సెంటర్ కాదు. క్యామ్ లాక్ చేసే పనిముట్లు కావాలని రాసి ఉంటే అవి లేకుండా మొదలుపెట్టకండి. పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఆపడం వల్ల పుల్లీ పగులుతుంది. పన్ను జారిన ఇంజిన్లో క్యామ్‌ను గుర్తుకు తెచ్చేటప్పుడు ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకండి. క్రాంక్‌ను టాప్ డెడ్ సెంటర్ నుంచి పావు చుట్టు జరిపితే నాలుగు సిలిండర్ల ఇంజిన్లో పిస్టన్లన్నీ సగం దిగి ఉంటాయి. అప్పుడు క్యామ్ తిప్పి, మళ్ళీ క్రాంక్‌ను గుర్తుకు తెచ్చుకోవచ్చు.

కొత్త బెల్ట్‌ను క్రాంక్ పుల్లీ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపును బిగువుగా ఉంచుతూ ఎక్కించండి. టెన్షనర్‌ను మాన్యువల్ చెప్పినంత వదలండి. ఆ తర్వాత సెల్ఫ్ కాదు, చేత్తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పండి. గుర్తులు మళ్ళీ అక్కడికే రావాలి. మధ్యలో అడ్డు తగిలితే ఆపి మొదటికి రండి. బెల్ట్ మీద ముద్రించిన తెల్ల గీతలు, చైన్ మీది రంగు లింకులు మాత్రం రెండు చుట్ల తర్వాత గుర్తులకు కలవవు. అవి బిగించేటప్పటి సాయం కోసమే. అది చూసి కంగారుపడి మళ్ళీ విప్పేవాళ్ళున్నారు. పుల్లీల మీది గుర్తులు కలిస్తే చాలు.

క్రాంక్ బోల్టును టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ఒక్కసారికే పనికొచ్చే రకం అని మాన్యువల్లో ఉంటే కొత్తది వేయండి.

పని అయ్యాక

బ్యాటరీ, ప్లగ్‌లు, కాయిల్ కనెక్టర్లు, పెట్రోల్ పంపు ఫ్యూజ్ తిరిగి పెట్టి, కోడ్‌లు చెరిపి స్టార్ట్ చేయండి. వింత చప్పుడు వస్తే వెంటనే ఆపండి. ఐడ్లింగ్ కుదురుకున్నాక వ్యాక్యూమ్ గేజ్ మళ్ళీ తగిలించి, ముందు రాసుకున్న అంకెతో పోల్చండి. వాల్వ్ టైమింగే దోషమైతే ముల్లు పైకి లేచి నిలబడుతుంది. బ్యాటరీ తీసినందువల్ల కంప్యూటర్ నేర్చుకున్నవి కొన్ని మర్చిపోయి ఉంటుంది, మొదట్లో ఐడ్లింగ్ కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా పట్టించుకోనక్కర్లేదు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద అన్ని గేర్లలో నడిపి, ఎత్తులో బరువు మీద నాకింగ్ ఉందేమో వినండి. ఇంటికొచ్చి స్కానర్‌లో పెండింగ్ కోడ్‌లు చూడండి. చెక్ ఇంజిన్ లైట్ వెలగకపోయినా దోషం తలెత్తుతుంటే అది ముందుగా కనిపించేది అక్కడే. మర్నాడు ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ మొదటి రెండు సెకన్లు చెవి పెట్టి వినండి, ఆ తర్వాత ఇంకోసారి పెండింగ్ కోడ్‌లు చదవండి.